శ్రీసిటీ పక్కన కాపురం

నాయుడుపేట దాటి దొరవారిసత్రం, సూళ్లూరుపేట మీదుగా తడ వైపు వెళ్తుంటే హైవేకి రెండు పక్కలా వెంచర్ల బోర్డులే. అన్నిటి మీదా ఒకటే మాట: శ్రీసిటీకి దగ్గర, చెన్నైకి దగ్గర. ఎంతోకొంత కూడబెట్టుకున్నవాళ్ళు, పొలం అమ్మిన డబ్బు చేతిలో ఉన్నవాళ్ళు ప్లాటు కొనొచ్చా అని అడుగుతున్నారు. ధర సంగతి తర్వాత చూద్దాం. అక్కడికి ఉద్యోగాలు వచ్చినంత వేగంగా కాపురాలు ఎందుకు రాలేదో ముందు తెలుసుకోవాలి.

శ్రీసిటీ మన దొరవారిసత్రానికి నలభై కిలోమీటర్లు అటూ ఇటూ, చెన్నైకి 55 కిలోమీటర్లు. సత్యవేడు, వరదయ్యపాళెం, తడ మండలాల భూముల్లో ఒక ప్రైవేటు సంస్థ అభివృద్ధి చేసిన పారిశ్రామిక నగరం అది. 2008లో మొదలైంది. ఇసుజు వాహనాల ఫ్యాక్టరీ 2016లో, డైకిన్ ఏసీల ఫ్యాక్టరీ 2023లో వచ్చాయి. ఆల్‌స్టామ్ అక్కడ మెట్రో రైలు పెట్టెలు తయారుచేస్తుంది. 2013లో ట్రిపుల్ ఐటీ, 2018లో క్రియా విశ్వవిద్యాలయం మొదలయ్యాయి. ఇన్ని కంపెనీలు ఇక్కడికే రావడానికి కారణం తేలికగానే అర్థమవుతుంది. చెన్నై, ఎన్నూరు రేవులు దక్షిణాన, కృష్ణపట్నం ఉత్తరాన. చెన్నై శివార్లలో కంటే ఇక్కడ భూమి చవక. గేటు దాటితే కోల్‌కతా హైవే. సత్యవేడు ప్రాంతం 1960 దాకా మద్రాసు రాష్ట్రంలో, చెంగల్పట్టు జిల్లాలోనే ఉండేది. సరిహద్దు గీత జరిగింది గానీ పెద్ద వైద్యానికీ, పెళ్ళి పట్టుచీరలకూ మనవాళ్ళు ఇప్పటికీ మద్రాసే వెళ్తారు.

సాయంత్రం ఆ గేట్ల దగ్గర నిలబడితే అసలు కథ కనిపిస్తుంది. మేనేజర్లు, ఇంజనీర్లు, జపాన్ నుంచి వచ్చిన అధికారులు చాలామంది కార్లలో, కంపెనీ బస్సుల్లో చెన్నై దారి పడతారు. రోజూ పోనూ రానూ నూరు కిలోమీటర్లకు పైనే. శ్రీసిటీలో ఇళ్ళు లేక కాదు. అపార్ట్‌మెంట్లు, విల్లాలు ఉన్నాయి, బడి కూడా ఉంది. కానీ ఒక కుటుంబం మకాం మార్చాలంటే ఇల్లొక్కటే చాలదు. భర్తకు ఫ్యాక్టరీలో ఉద్యోగమైతే భార్యకు చెన్నైలో బ్యాంకులోనో, సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో ఉద్యోగం ఉంటుంది. పిల్లకు పదో తరగతి తర్వాత నాలుగు కాలేజీల్లో ఎంచుకునే వీలుండాలి. అత్తగారికి అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలియాలి. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా కాపురం చెన్నైలోనే ఉంటుంది, ఉద్యోగానికి మటుకు ఇక్కడికి రోజూ వచ్చిపోతారు.

దీనికి ఎదురు ఉదాహరణ మన ముంగిట్లోనే ఉంది. శ్రీహరికోటలో మొదటి రాకెట్ లేచింది 1971 అక్టోబరులో. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న ఆ దీవికి అప్పట్లో ఎవరైనా కాపురానికి వస్తారని ఎవరూ అనుకోలేదు. వచ్చారు. క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, బస్సు అన్నీ అంతరిక్ష సంస్థే చూసుకుంది. దీవిలోనూ, సూళ్లూరుపేటలోనూ కాలనీలు వెలిశాయి. ఎక్కడెక్కడి రాష్ట్రాలవాళ్ళో వచ్చి ఇక్కడ పిల్లల్ని చదివించుకున్నారు. సూళ్లూరుపేట బజారు ఈనాడు ఇలా ఉందంటే వాళ్ళ జీతాలు ఈ ఊళ్ళోనే ఖర్చు కావడమే పెద్ద కారణం. ఫ్యాక్టరీ జీతం చెన్నైలో ఖర్చయితే మనకు మిగిలేది లారీల రద్దీ.

అమెరికాలో మనవాళ్ళు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఫ్రిస్కోను చూసినా ఇదే తెలుస్తుంది. డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఆ ఊళ్ళో 2000లో జనం 33 వేలు, 2020 నాటికి రెండు లక్షలు. పక్కనే ఉన్న ప్లేనోకు 2017లో టొయోటా ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయం వచ్చింది. కంపెనీలు ఉన్నాయి సరే, కుటుంబాలను పట్టి నిలిపింది మాత్రం బడి. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఇంటిపన్ను బరువుగా ఉంటుంది, అందులో పెద్ద వాటా ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులకే వెళ్తుంది. బడి బాగుంటే ఇంటి ధర పెరుగుతుంది. పన్ను కట్టేవాళ్ళలో ఓటున్నవాళ్ళే బడి బోర్డును, నగర కౌన్సిల్‌ను ఎన్నుకుంటారు. ప్రైవేటు సంస్థ నడిపే పారిశ్రామిక నగరంలో కిరాయికి ఉండే మనిషికి అలాంటి పట్టు ఉండదు. రోడ్లు ఎంత శుభ్రంగా ఉన్నా ఇది లోటే.

ఇక ప్లాటు సంగతి. మొట్టమొదట కొలత దగ్గరే జాగ్రత్తపడాలి. నెల్లూరు లెక్కలో అంకణం 72 చదరపు అడుగులు. తిరుపతి, చిత్తూరు లెక్కలో 36. మన మండలం 2022లో తిరుపతి జిల్లాలో కలిసింది గానీ జనం నోట్లో నెల్లూరు అంకణమే ఉంది. రెండు వందల గజాల ప్లాటు ఒక లెక్కలో 25 అంకణాలు, ఇంకో లెక్కలో 50. అంకణం ధర తక్కువగా ఉందని సంబరపడే ముందు అది ఏ అంకణమో అడగాలి. దస్తావేజులో గజాల్లో రాయించుకోవాలి. తర్వాత లేఅవుట్‌కు పట్టణాభివృద్ధి సంస్థ అనుమతి, రెరా నమోదు, ఈసీ, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. అసైన్డ్ భూమి అయితే జోలికి పోవద్దు. పులికాట్, నేలపట్టు అభయారణ్యాల దగ్గర ఆంక్షలు ఉంటాయి, అవీ ఆరా తీయాలి. నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూళ్ళు కట్టే గూడబాతులు మన మండలానికి తెచ్చిన పేరు ఏ వెంచరూ తేలేదు. ఆ చెరువులోకి నీరొచ్చే దారులు పూడ్చి ప్లాట్లు వేస్తే కొనకపోవడమే మంచిది. నీటి సంగతీ అంతే. హైవేకి తూర్పున, సరస్సు వైపు బోర్లలో ఉప్పునీళ్ళు పడే చోట్లున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళి పక్కింటి బోరు నీళ్ళు నోట్లో పోసుకుని చూసి రావాలి. చెన్నై తాగే కృష్ణా నీళ్ళు కండలేరు నుంచి పూండి దాకా మన పక్కనుంచే కాలువలో పోతాయి. 1983 ఒప్పందం ప్రకారం తమిళనాడుకు చేరాల్సినవి ఏటా 12 టీఎంసీలు. ఆ కాలువ దగ్గర్లో ఉందని చెప్పి ప్లాటు అమ్మేవాళ్ళుంటారు. కాలువ దగ్గరున్నంత మాత్రాన కొళాయి రాదు.

విల్లాల ప్రకటనల్లో ఎక్కడా కనిపించనివాళ్ళు ఇంకొందరున్నారు. శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ లాంటి ఫ్యాక్టరీల్లో పనిచేసేది ఎక్కువగా ఇరవై దాటీ దాటని ఆడపిల్లలు. మెడలో ఐడీ కార్డు, చేతిలో టిఫిను బాక్సు, షిఫ్టు బస్సు దిగి హైవే దాటే పిల్లలు. హాస్టళ్ళలో కొందరు, తడ, సూళ్లూరుపేటల్లో ముగ్గురు నలుగురు కలిసి తీసుకున్న గదుల్లో కొందరు, సొంతూళ్ళ నుంచి బస్సులో వచ్చిపోయేవాళ్ళు కొందరు. పారిశ్రామిక నగరానికి నిజంగా శివారు కాబోయేవి ఈ పిల్లలు ఉండే పాత ఊళ్ళేనని నా నమ్మకం. కొత్త గేటెడ్ కాలనీల కంటే సూళ్లూరుపేట, దొరవారిసత్రం, నాయుడుపేటలకే ఆ అవకాశం ఎక్కువ. ఇక్కడ బజారుంది, గుడి ఉంది, బంధువులున్నారు, అద్దె భరించగలిగేలా ఉంది. లేనివి కూడా చెప్పాలి: రాత్రి షిఫ్టు దిగేవాళ్ళకు వెలుతురున్న రోడ్డు, ఆదివారం కూడా డాక్టరుండే ఆసుపత్రి, వేళకు రైలు.

వీటిలో రైలు కోసం ఇప్పుడే గట్టిగా అడగొచ్చు. పట్టాలు ఉన్నాయి, స్టేషనూ ఉంది. చెన్నై సబర్బన్ రైళ్ళు సూళ్లూరుపేట దాకా వచ్చి ఆగిపోతున్నాయి. మనకు దక్కేవి గూడూరు వైపు తిరిగే కొద్దిపాటి ప్యాసింజర్లు. ఆ సబర్బన్ రైళ్ళలో రెండు మూడింటినైనా షిఫ్టు వేళలకు సరిపోయేలా నాయుడుపేట దాకా పొడిగిస్తే దొరవారిసత్రం పిల్ల తడలో దిగి కంపెనీ బస్సు ఎక్కగలదు, గది అద్దె మిగుల్చుకోగలదు. ఇది రైల్వే పరిధిలో ఉన్న పని, కాబట్టి పంచాయతీలో తీర్మానం చేసి ఎంపీ చేతికి ఇవ్వాలి. తీర్మానం కింద సంతకాలు పెట్టేవాళ్ళలో ఆ ఆడపిల్లలు ముందుండాలి.