నీడ పడే చోటే బండ

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కొత్త ఇల్లు పూర్తి కావస్తుంటే గృహప్రవేశానికి ముందు జరిగే చివరి పని దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే. ఇంటికీ ప్రహరీకీ నడుమ మిగిలిన మట్టి కనపడకుండా సిమెంటు పోయిస్తారు, లేదా బండలు పరిపిస్తారు. వానకాలం బురద, ఎండాకాలం దుమ్ము, మట్టి ఉంటే తేళ్లు వస్తాయన్న భయం... ఈ కారణాలను తీసిపారేయలేం. అయితే తొలి ఎండాకాలంలోనే తేడా తెలిసిపోతుంది. పొద్దుగూకి మూడు గంటలైనా వాకిట్లో మంచం వేసుకోలేరు. కింది నుంచి సెగ కొడుతూనే ఉంటుంది.

ఆ సెగ ఎంతో లెక్క కట్టవచ్చు. 200 గజాల ప్లాటు తీసుకుందాం. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, మొత్తం 1800 చదరపు అడుగులు. అందులో ఇల్లు 25 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు అనుకుంటే 1000 పోతుంది. ముందు 12 అడుగులు, వెనక 8, పక్క సందులు రెండున్నర చొప్పున, మొత్తం 800 చదరపు అడుగులు ఖాళీ. అంటే 74 చదరపు మీటర్లు. మబ్బు లేని ఏప్రిల్, మే రోజుల్లో ఒక్కో చదరపు మీటరు మీద పడే ఎండ, కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే, ఆరు నుంచి ఏడు యూనిట్లు. 74 మీటర్ల మీద రోజుకు దాదాపు 480 యూనిట్లు. నెలకు 200 యూనిట్లు కాల్చే ఇంటికి రెండు నెలలు దాటి వచ్చే కరెంటంత శక్తి ఒక్క రోజులో వాకిలి మీద పడుతోంది.

ఇందులో కొంత వెనక్కి పోతుంది. కొత్తగా పోసిన సిమెంటు నేల 35, 40 శాతం వెనక్కి కొడుతుంది. అది మాసి నల్లబడ్డాక 20, 30 శాతానికి దిగుతుంది. తారు రోడ్డు 5, 10 శాతమే వదులుతుంది, మిగతాదంతా తాగేస్తుంది. తాగిన వేడిని సిమెంటు, రాయి లోపలికి దాచుకుంటాయి. అసలు చిక్కు అక్కడే ఉంది. నాలుగు అంగుళాల మందం గల సిమెంటు నేల సగటున 15 డిగ్రీలు వేడెక్కినా, చదరపు మీటరులో దాచుకునే వేడి సుమారు 0.8 యూనిట్లు. 74 మీటర్లలో 60 యూనిట్లు. ఇంటి చుట్టూ వెయ్యి వాట్ల హీటరు ఒకటి 60 గంటలు మండితే వచ్చే వేడి అది. సూర్యుడు దిగాక ఆ వేడి గోడలకీ, కిటికీలకీ, మంచం మీద పడుకున్న మనిషికీ చేరుతుంది. ఎండు మట్టి, మొరం కూడా మధ్యాహ్నం కాలు పెట్టనియ్యవు. కానీ వేడి వాటిలో లోతుకు దిగదు. అందుకే పొద్దుపోగానే చల్లబడతాయి.

సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లే మన అలవాటులో ఉన్న లెక్క కూడా ఇదే. ఒక లీటరు నీరు ఆవిరయ్యేటప్పుడు సుమారు 0.67 యూనిట్ల వేడిని తీసుకుపోతుంది. 15 లీటర్ల బకెట్ పూర్తిగా ఆవిరైతే 10 యూనిట్లు. నేలలో దాగిన 60 యూనిట్లు పోవాలంటే ఆరు బకెట్లు, అదీ ఒక్క చుక్క కాలువలోకి పోకుండా. మట్టి వాకిలికి ఒక బకెట్ సాన్పు సరిపోయేది. సిమెంటు వాకిలికి చాలదు.

ఇది చదివి, అయితే పచ్చిక వేద్దాం అనుకునేవాళ్లు ఆగాలి. మే నెలలో పచ్చిక రోజుకు ఆరు మిల్లీమీటర్ల నీరు తాగుతుందనుకున్నా, చదరపు మీటరుకు ఆరు లీటర్లు. 74 మీటర్లకు రోజూ 450 లీటర్ల దాకా. ఏప్రిల్, మే కలిపి 27 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు అయిదున్నర. బోరు ఎండితే మనుషులకే ట్యాంకర్ కొనే ఊళ్లలో ఇది తగని ఖర్చు. ఎడారి పట్టణాలు ఈ సంగతి ముందే గ్రహించాయి. తక్కువ నీటితో తోటలు వేసే పద్ధతికి 1981లో అమెరికాలోని డెన్వర్ నీటి సంస్థ ‘జెరిస్కేప్’ అని పేరు పెట్టింది. లాస్ వేగస్ ప్రాంతంలో ఒక చదరపు అడుగు పచ్చిక తీసేస్తే ఏడాదికి 55 గ్యాలన్లు, అంటే 208 లీటర్లు మిగులుతాయని అక్కడి నీటి సంస్థ లెక్క చెబుతుంది.

అక్కడి వాకిళ్ల ఫొటోలు చూసి ఇక్కడ కంకర, గులకరాళ్లు, తెల్ల బండలు పరిపిస్తున్నవాళ్లు పెరిగారు. ఒక్క తేడా మరిచిపోతున్నారు. అరిజోనాలోని ఫీనిక్స్‌లో ఏడాది మొత్తానికి సగటున పడే వాన 200 మిల్లీమీటర్లు దాటదు. మనకు పాలమూరు వైపు సుమారు 600, నల్లగొండ వైపు 750 దాకా పడుతుంది, అందులో నాలుగింట మూడొంతులు జూన్ నుంచి సెప్టెంబరు లోపే. మనది ఎడారి కాదు, ఎనిమిది నెలలు నీటి కోసం ఎదురుచూసే నేల. 650 మిల్లీమీటర్ల లెక్కన మన 74 మీటర్ల మీద ఏడాదికి 48 వేల లీటర్లు పడతాయి. ఇంటి కప్పు మీద పడే 60 వేలు కలిపితే లక్ష దాటుతుంది. వాకిలి మొత్తం సిమెంటు పోస్తే దాని వాటాలో 40 వేల లీటర్లకు పైగా వీధి కాలువలోకే. ఎండాకాలం కొనే ట్యాంకర్లు వానాకాలంలో మన గేటు కింద నుంచి పారిపోతున్నాయి. ఫ్లోరైడ్‌కు పేరుపడిన నల్లగొండలో ఇది మరీ బాధ కలిగించే సంగతి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దును దాటిన బోర్లు ఈ జిల్లా ఎన్ని చూసిందో అందరికీ తెలుసు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందిస్తే దానికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. భూమిలోకి దిగే వాన చుక్కలో ఆ విషం లేదు. దాన్ని దిగనివ్వకుండా మూత వేస్తున్నాం.

ఇక తెల్ల రంగు సంగతి. ఇంటి కప్పుకు తెల్ల పూత మంచిదే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పులు లక్ష్యంగా పెట్టుకుంది. అందులో 200 హైదరాబాద్‌లో, 100 మిగతా రాష్ట్రంలో. కప్పు వెనక్కి కొట్టిన ఎండ ఆకాశంలోకి పోతుంది. నేల వెనక్కి కొట్టింది మాత్రం నిలబడ్డ మనిషి ముఖానికి, గోడకి తగులుతుంది. ఫీనిక్స్‌లో వీధులకు లేత రంగు పూత వేసి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు కొలిచారు. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం మధ్యాహ్నం వీధి ఉపరితలం ఆరు డిగ్రీల దాకా చల్లబడింది. కానీ అక్కడ నిలబడ్డ మనిషికి చుట్టుపక్కల నుంచి తగిలే వేడి మూడు డిగ్రీలు పెరిగింది. ఎండలో ఉన్న వాకిలికి తెల్ల టైల్స్ వేయించే ముందు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

నీడ మాటకొస్తే లెక్క ఒక్కసారిగా మారిపోతుంది. నీడలో ఉన్న ఉపరితలం, ఎండలో ఉన్నదాని కన్నా 11 నుంచి 25 డిగ్రీలు చల్లగా ఉండొచ్చని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. రంగు మార్చి తెచ్చుకునే ఆరు డిగ్రీలు దీని ముందు ఎంత? మహబూబ్‌నగర్ పక్కనే మూడెకరాలకు పైగా పరుచుకున్న పిల్లలమర్రి కింద నడిచినవాళ్లకు ఈ అంకె చెప్పనక్కర్లేదు. కాబట్టి వాకిట్లో ఎక్కడ బండ పరవాలన్నది రాళ్ల దుకాణంలో తేలేది కాదు, నీడను చూసి తేల్చేది.

మన నీడకు ఒక ప్రత్యేకత ఉంది. నల్లగొండ దాదాపు సరిగ్గా 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, మహబూబ్‌నగర్ దానికి కాస్త కింద. మే రెండో వారం మొదట్లో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు నిట్టనిలువు గోడకు నీడే ఉండదు. ఈ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. ఇంటికి ఉత్తరాన ఎప్పుడూ నీడ అని నమ్మి అక్కడ అరుగు కట్టించుకున్నవాళ్లు ఇక్కడే మోసపోతారు. డిసెంబరులో 13 అడుగుల ఇల్లు ఉత్తరానికి 11 అడుగుల నీడ ఇస్తుంది. చలికాలంలో ఆ నీడ ఎవరికి కావాలి? మేలో ఆ దిక్కున ఏమీ ఉండదు.

మేలో మేలు చేసేది తూర్పు దిక్కు. అదే 13 అడుగుల ఇల్లు, పిట్టగోడతో కలిపి, మధ్యాహ్నం మూడింటికి తూర్పు వైపు 11 అడుగుల నీడ వేస్తుంది. నాలుగున్నరకు 24 అడుగులు. అంటే తూర్పు ముఖం ఇంటికి 12 అడుగుల ముందు వాకిలి మూడింటికే దాదాపు మొత్తం నీడలోకి వస్తుంది. కూర్చునే బండ అక్కడ వేయాలి. పడమటి ముఖం ఇల్లయితే ముందు వాకిట్లో బండలు పరవడం కన్నా ముందు ఒక వేపనో కానుగనో నాటడం మేలు. రెండూ చలికాలం చివర ఆకు రాల్చి, ఎండలు ముదిరేనాటికి మళ్లీ చిగురు తొడుగుతాయి. చెట్టు చుట్టూ నాలుగడుగుల చదరం మట్టిగా వదలాలి. మొదలు దాకా సిమెంటు పోస్తే చెట్టుకు నీరూ గాలీ అందవు, కొన్నేళ్లకు వేరు ఆ సిమెంటునే లేపుతుంది.

చెట్టు ఎదిగేదాకా పందిరే దిక్కు. దీనిలోనూ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. తొమ్మిది అడుగుల ఎత్తున, పది అడుగుల వెడల్పు పందిరి వేశామనుకోండి. మిట్టమధ్యాహ్నం నీడ సరిగ్గా కిందే పడుతుంది. మూడింటికి ఆ నీడ తూర్పుకు దాదాపు ఎనిమిది అడుగులు జరిగిపోతుంది, పందిరి కింద మిగిలేది రెండడుగులు. నాలుగున్నరకు 17 అడుగులు జరుగుతుంది, అంటే పందిరి ఒకచోట, నీడ మరోచోట. ఊళ్లలో పందిరికి పడమటి వైపు తడికె కట్టేది ఇందుకే. ఆరడుగుల తడికె ఒక్కటే నాలుగున్నరకు 11 అడుగుల నీడ ఇస్తుంది, పందిరి చేయలేని పని అది చేస్తుంది. ఇనుప రేకుల కన్నా తాటి కమ్మలు మంచివి. రేకు కాలి, ఆ వేడిని కిందికి దించుతుంది. కమ్మ వేడిని దాచుకోదు, గాలిని ఆపదు. తాటిచెట్లకు పేరైన నల్లగొండలో ఇప్పుడు కమ్మల పందిరి కన్నా రేకుల షెడ్డే ఎక్కువ కనపడటం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇప్పుడు మన 800 అడుగులను పంచుకుందాం. పక్క సందులు 200 ఎలాగూ గట్టి నేలే కావాలి. గోడ పునాదికి నీరు దిగకూడదు, పైగా రెండు గోడల నడుమ అవి చాలాసేపు నీడలోనే ఉంటాయి. ముందు, వెనక గోడ పొడవునా అంచుకు 60. బండి చక్రాల కింద రెండడుగుల పట్టీలు రెండు, 50. కూర్చునే చోటు 120. మొత్తం 430. తేళ్ల భయానికి గోడ అంచున ఉన్న ఈ గట్టి పట్టీ, దాన్ని రోజూ ఊడ్చే చీపురు చాలు. మిగిలిన 370 అడుగులు మట్టిగా, మొరంగా, చెట్లకు వదిలేయొచ్చు. ఏడాదికి 22 వేల లీటర్ల వాన దాని మీదే పడుతుంది. కప్పు నీటి గొట్టాన్ని ఇంకుడు గుంతకు కలిపితే ఆ నీరూ భూమిలోకే.

పరిచేటప్పుడు సందులు వదలడం మరవొద్దు. రెండడుగుల చదరపు నాపరాళ్లను అంగుళం సందుతో పరిస్తే, ఆ సందులే నేలలో దాదాపు 8 శాతం. రెండంగుళాలు వదిలితే 15 శాతం దగ్గరికి వస్తాయి. సందుల్లో సిమెంటు కాకుండా ఇసుక నింపితే వాన అక్కడే దిగుతుంది. మనకు ఆనుకునే తాండూరు గనులున్నాయి, ఆ రాయి మసిబారిన సిమెంటు కన్నా లేత రంగులోనే దొరుకుతుంది. వాడపల్లి, మట్టపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి కాబట్టి సిమెంటే సులువని తోస్తుంది. పోసే తీరాలంటే ఎడం మాత్రం ఇవ్వాలి. పది మీటర్ల సిమెంటు నేల 45 డిగ్రీల తేడాకు నాలుగున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. జనవరి తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ ఆ తేడా మన నేల మీద మామూలే. పది అడుగులకోసారి గీత కోసి వదలకపోతే నేల తనకు తోచినచోట పగులుతుంది. వేడి, పొడి వాతావరణంలో మామూలు సిమెంటుకు 10 రోజులు, బూడిద కలిపిన సిమెంటుకు 14 రోజులు తడపాలని ఐఎస్ 456 ప్రమాణం చెబుతుంది. ఇప్పుడు బజారులో ఎక్కువగా అమ్మేది ఆ రెండో రకమే. మూడు రోజులు తడిపి వదిలేసిన వాకిలి రెండో ఏడాదికి పొడి రాలుతుంది.

పని ఎప్పుడు మొదలుపెట్టాలంటే, మే నెలలో ఒక ఆదివారం. మేస్త్రీతో పని లేదు, ముగ్గుపిండి చాలు. మధ్యాహ్నం పన్నెండుంబావుకు ఒకసారి, మూడింటికి ఒకసారి, నాలుగున్నరకు ఇంకోసారి ఇంటి నీడ, ప్రహరీ నీడ, పక్కింటి మేడ నీడ అంచుల వెంట గీతలు గీయండి. మూడింటి గీత లోపల ఎంత చోటుందో టేపుతో కొలవండి. బండలకు ఆర్డర్ ఆ కొలతతో ఇవ్వండి.