పాత జీపునకు ఏ కార్బ్యురేటరు తగును?

పాత పెట్రోలు జీపును నేటికిని పొలము పనులకు వాడు రైతులు కొందరు గలరు. బండి లాగుడు తగ్గినదనగానే మెకానిక్కు "పెద్ద కార్బ్యురేటరు వేద్దామండీ, గుర్రంలా పోతుంది" అనును. డబ్బు చెల్లించుటకు ముందు మీరు ఒక చిన్న లెక్క వేసికొనవలెను.

కార్బ్యురేటరు తనంతట శక్తిని పుట్టించదు. ఇంజను పీల్చు గాలి దాని ఇరుకు గొంతులో వేగముగా పోవునపుడు అచ్చట ఒత్తిడి తగ్గి, పెట్రోలు జెట్టునుండి పైకి వచ్చి తుంపరలై గాలిలో కలియును. గొంతు వెడల్పైనచో గాలి వేగము తగ్గును. అపుడు పెట్రోలు తుంపరలు గాక బొట్లుగానే లోనికి పోవును.

విల్లీస్ జీపు ఇంజను సుమారు 2.2 లీటర్లది. ఇది రెండు చుట్లకు ఒకసారి గాలి నింపుకొనును. కావున నిమిషమునకు 4,000 చుట్లు తిరిగినను పట్టునది 4,400 లీటర్లే. సిలిండర్లు పూర్తిగా నిండవు గనుక నూటికి 80 వంతులు వేసికొన్నచో సుమారు 3,500 లీటర్లు. బురదలో బరువుతో 2,000 చుట్ల వద్ద నడచునపుడు ఇందులో సగమే. ఇంతకు మించిన గొంతు దేనికి?

ఈ లెక్క నేను ఆలస్యముగా వేసితిని. ఒక పెద్ద కారు కార్బ్యురేటరును నా జీపునకు పెట్టించగా తారురోడ్డుపై బాగుగనే పోయినది. ఎరువు బస్తాలతో కాలువగట్టు ఎక్కునపుడు మాత్రము యాక్సిలరేటరు తొక్కగానే ఉక్కిరిబిక్కిరియై ఆగెడిది. నెల తిరుగకముందే పాతదానినే బాగుచేయించి బిగించితిని. మెకానిక్కును తప్పు పట్టను. పెద్దది కావలెనని అడిగినవాడను నేనే.

కనుక ముందు కంప్రెషను చూపించుడు. పాత కార్బ్యురేటరులో త్రాటిల్ ఇరుసు అరిగి ప్రక్కనుండి గాలి పీల్చుచున్నదేమో, జెట్లు పూడినవేమో చూడుడు. మార్చక తప్పనిచో దాదాపు ఇదే పరిమాణముగల నాలుగు సిలిండర్ల ఇంజనునకు చేసినదానిని, బోల్టు రంధ్రములు సరిపోవుదానిని, విడి జెట్లు దొరకుదానిని కొనుడు.

మరియొక సంగతి. 2025 నాటికి మన పెట్రోలులో నూటికి 20 పాళ్ళ ఇథనాల్ కలుపుట వచ్చినది. ఇథనాల్‌లోనే ఆమ్లజని ఉన్నందున పాత జెట్టుతో మిశ్రమము పలుచనగును. పాత రబ్బరు భాగములు కూడ చెడును. ఇథనాల్‌కు తాళు రబ్బరు భాగములనే అడిగి తీసికొనుడు. బరువుతో కొంత దూరము నడిపి స్పార్కు ప్లగ్గు విప్పి చూడుడు: లేత గోధుమరంగు సరియైనది, నల్లని మసి పెట్రోలు ఎక్కువకు గుర్తు. తెల్లగా ఉన్నచో వాల్వులు కాలుటకు ముందే జెట్టును ఒక్క సైజు పెంచి మరల పరీక్షించుడు. తీసిన జెట్టును పారవేయక దాచుకొనుడు.