కొట్టేసిన అడవిలో దుప్పి వేట

అమెరికా వాయవ్య మూలన వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాలున్నాయి. అక్కడ క్యాస్కేడ్ పర్వతాలకు పడమటి వైపు కొండల నిండా డగ్లస్ ఫర్ అడవులే. సియాటిల్ నుంచో పోర్ట్‌లాండ్ నుంచో సముద్రం వైపు కారులో వెళ్లే మన తెలుగువాళ్లు ఆ కొండల మీద పెద్ద పెద్ద మచ్చలు చూసే ఉంటారు. ఒకవైపు నల్లగా కనిపించేంత దట్టమైన చెట్లు, ఆ పక్కనే ఒక్క మాను కూడా మిగల్చకుండా కొట్టేసిన వాలు. దాన్ని అక్కడ క్లియర్‌కట్ అంటారు. అక్టోబరు వచ్చేసరికి ఆ బోడి వాలుల అంచున నారింజ రంగు చొక్కాలు తొడుక్కున్న వేటగాళ్లు బైనాక్యులర్లు పట్టుకుని గంటల తరబడి కూర్చుంటారు. పక్కన అంత అడవి ఉండగా చెట్టే లేని చోట దుప్పి కోసం కాచుకోవడమేమిటని కొత్తవాళ్లకు అనిపించడం సహజం.

జవాబు నేల మీద పడే ఎండలో ఉంది.

ఆ ప్రాంతపు దుప్పి పేరు కొలంబియన్ బ్లాక్‌టెయిల్. మ్యూల్ డీర్ అనే జాతికి అది ఉపజాతి. నెమరువేసే జంతువే గానీ గేదెలా ఎండుగడ్డి మీద బతికేది కాదు. కడుపు చిన్నది కాబట్టి సత్తువ ఉన్న మేతను ఏరుకుని తింటుంది. లేత చిగుళ్లు, ఆకులు, మొగ్గలు, పళ్లు దాని తిండి. దగ్గర దగ్గరగా నాటిన ముప్ఫై నలభై ఏళ్ల ఫర్ తోటలో ఇవేవీ ఉండవు. పచ్చదనమంతా దుప్పికి అందనంత ఎత్తున ఉంటుంది, కింద రాలిన సూదుల్లాంటి ఆకులు, నాచు తప్ప మరేమీ మొలవదు. దుప్పికి అక్కడ చాటు దొరుకుతుంది, తిండి దొరకదు.

చెట్లు కొట్టేయగానే విందు సిద్ధమవుతుందనుకోవడమూ పొరపాటే. మొదటి ఏడాది అక్కడ ఉండేది బురద, యంత్రాల చాళ్లు, విరిగిన కొమ్మల గుట్టలు. రెండు మూడేళ్లకు నేల కళ మారుతుంది. ఫైర్‌వీడ్ గులాబి పూలతో నిటారుగా లేస్తుంది. నేల మీద పాకే అడవి బ్లాక్‌బెర్రీ తీగలు, సలాల్ పొదలు, ఎర్ర హకిల్‌బెర్రీ, వైన్ మేపుల్ మోడుల నుంచి వచ్చే పిలకలు, అన్నీ దుప్పి నోటికి అందే ఎత్తులోనే పెరుగుతాయి. పదిహేనేళ్లు దాటుతుండగా నాటిన మొక్కలు కొమ్మకు కొమ్మ కలిపేస్తాయి. ఇరవై ఏళ్లకు కింద మళ్లీ చీకటే. కంపెనీల సొంత భూముల్లో డగ్లస్ ఫర్‌ను సుమారు 40 నుంచి 50 ఏళ్లకు కోస్తారు. ఒక కోతకూ మరో కోతకూ నడుమ దుప్పికి కడుపు నిండేది మొదటి పది పదిహేనేళ్లే.

వేటగాడికి పనికొచ్చే కాలం అంతకన్నా తక్కువ. మరీ కొత్త క్లియర్‌కట్‌లో అంతా కనిపిస్తుంది గానీ మేత ఉండదు. పదేళ్లు దాటితే మేతా ఉంటుంది, దుప్పులూ ఉంటాయి, కానీ పొదలు మనిషి ఎత్తు దాటిపోయి పక్కనున్న జంతువు కూడా కంటపడదు. అందుకే అనుభవమున్నవాళ్లు సుమారు మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసున్న వాలులను వెతుక్కుంటారు. వేసవిలోనే మ్యాపులు, ఉపగ్రహ చిత్రాలు ముందేసుకుని ఏ కొండను ఎప్పుడు కొట్టారో లెక్కవేసుకుంటారు. నిరుడు దుప్పి దొరికిన చోటే ఏటా దొరుకుతుందనుకునేవాడికి ఈ అడవి అచ్చిరాదు.

ఇక వేట పద్ధతి. దుప్పి తెల్లవారుజామున, సాయంత్రం చీకటి పడబోయే ముందు ఎక్కువగా మేస్తుంది. అప్పుడు కూడా నట్టనడి బయల్లోకి రావడం తక్కువ. రెండు గంతుల్లో అడవిలోకి దూరిపోయేలా అంచు వెంబడే తిరుగుతుంది. పగలు మోడుల మధ్య, వాలు మీద కాస్త చదునుగా ఉన్న తావుల్లో పడుకుని నెమరేస్తుంది. శరత్కాలంలో దాని బూడిద గోధుమ రంగు ఒంటికీ పాత మోడుకూ తేడా తెలియదు. కాబట్టి నిండు జంతువు కోసం వెతికితే ఏమీ కనిపించదు. నిలువుగా ఉన్న మోడుల మధ్య అడ్డంగా కనిపించే వీపు గీత, ఒక్కసారి కదిలిన చెవి, తడి వెలుతురులో మెరిసిన కొమ్ము కొస, ఇలాంటివి పట్టుకోవాలి. వాలును గళ్లుగా విభజించుకుని ఒక్కో గడినీ నిదానంగా చూస్తారు. ఒకసారి చూసిన గడినే పది నిమిషాల తర్వాత మళ్లీ చూస్తారు, పడుకున్నది లేచి ఉండవచ్చు గనక.

గాలి సంగతి ఇంకా ముఖ్యం. దుప్పి కళ్లను ఏమార్చవచ్చు గానీ ముక్కును ఏమార్చలేం. కొండ మీద పొద్దు పొడవకముందు చల్లగాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. ఆ సమయంలో పైన కూర్చున్న మనిషి వాసన సరాసరి కింద మేస్తున్న జంతువుకు చేరుతుంది. ఎండ తగలగానే నీడ లేని ఆ వాలు చుట్టూ ఉన్న అడవి కన్నా ముందుగా వేడెక్కి, గాలి పైకి ఎగబాకుతుంది. అప్పుడు పైనుంచి దిగడమే మేలు. ఈ రెండు చిక్కులూ లేకుండా ఎదుటి కొండ మీద కూర్చుని చూసి, ఆ తర్వాత గాలిని బట్టి దారి ఎంచుకునేవాళ్లూ ఉన్నారు.

కాల్చే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. గుండు తప్పితే దాన్ని ఆపే మట్టి కట్ట వెనుక ఉందా? రైఫిలు గుండు మైళ్ల దూరం పోగలదు, కాబట్టి కొండ శిఖరం మీద ఆకాశం నేపథ్యంగా నిలబడ్డ దుప్పిని కాల్చకూడదు. రెండోది, పడిన దుప్పిని పైకి ఎలా చేర్చాలి? మగది 60 నుంచి 90 కిలోల దాకా ఉంటుంది. నిట్టనిలువు వాలు, జారే దుంగలు, కాళ్లకు చుట్టుకునే ముళ్లతీగలు. అక్కడే కోసి, మూటలు కట్టి, వీపున మోసుకుంటూ ఎక్కాలి. పడిన దుప్పి మాంసాన్ని వృథాగా వదిలేయడం నేరం. అమ్ముకోవడమూ నేరమే.

అక్కడి చట్టం గురించి ఇంకొంచెం. వేటకు లైసెన్సు, దుప్పికి విడిగా ట్యాగ్ కొనాలి. మామూలు ట్యాగ్‌తో చాలా చోట్ల మగదాన్నే కొట్టాలి. ఒక మగది అనేక ఆడవాటితో జతకడుతుంది గనక కొన్ని మగవి తగ్గినా పిల్లల సంఖ్య పెద్దగా తగ్గదు. కాల్చడానికి అనుమతి సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే. రాత్రి లైటు వేసి కొట్టడం నిషేధం. తుపాకులు, తూటాల మీద 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం కింద వసూలు చేసే పన్ను ఎక్కువగా వన్యప్రాణుల సంరక్షణకు వెళ్తుంది.

ఇంతవరకు చదివి, చెట్లు ఎంత ఎక్కువ కొడితే దుప్పులు అంత పెరుగుతాయని అనుకోవద్దు. అసలు గొడవ ఇక్కడే ఉంది.

ఒరెగాన్‌లో 1971 నుంచి ఉన్న అటవీ చట్టం ప్రకారం కొట్టిన చోట కంపెనీ మళ్లీ మొక్కలు నాటి తీరాలి. నాటిన ఫర్ మొక్కలకు పోటీ రాకుండా చాలా కంపెనీలు హెలికాప్టరుతో కలుపు మందు చల్లిస్తాయి. వాళ్ల లెక్కలో కలుపు అయినదే దుప్పి లెక్కలో అన్నం. మందు పడిన వాలు ఆ తొలి ఏళ్లలో, మేత సమృద్ధిగా ఉండాల్సిన ఏళ్లలోనే, చప్పగా పడి ఉంటుంది. మేత కరువైన దుప్పి చివరికి నాటిన ఫర్ మొక్కల కొసలనే కొరుకుతుంది. అప్పుడు ఒక్కో మొక్కకూ ప్లాస్టిక్ వల గొట్టం తొడగాల్సి వస్తుంది. నా దృష్టిలో ఇది తెలివైన సేద్యం కాదు. మందు చల్లని వాలు, చల్లిన వాలు పక్కపక్కన చూసిన వేటగాడు ఏ వైపు కూర్చుంటాడో వేరే చెప్పనక్కర్లేదు.

ప్రభుత్వ అడవుల కథ మరో రకం. ముదురు అడవుల మీద ఆధారపడే మచ్చల గుడ్లగూబను 1990లో ముప్పు పొంచి ఉన్న జాతిగా ప్రకటించాక, 1994లో నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ ప్లాన్ వచ్చింది. ఫెడరల్ భూముల్లో చెట్లు కొట్టడం బాగా పడిపోయింది. ముదురు అడవులను కాపాడుకోవడానికి అది కావాల్సిన పనే. దాంతో పాటు పొదలు లేచే బయలూ అక్కడ తగ్గింది, దుప్పుల మేతా తగ్గింది. పూర్వం ఆ బయలును నిప్పే తయారుచేసేది. విల్లమెట్ లోయలో కలపూయా ప్రజలు పచ్చికను కావాలనే తగలబెట్టి జంతువులకు మేత పెంచేవాళ్లు. ఇప్పుడు బయలు మిగిలింది ఎక్కువగా కంపెనీల చేతిలో. కొన్ని కంపెనీలు లోపలికి రావడానికి డబ్బు తీసుకుని పర్మిట్లు ఇస్తున్నాయి. తాత తండ్రుల నుంచి ఆ కొండల్లో ఉచితంగా వేటాడిన కూలి కుటుంబాలకు అది భారమే.

క్లియర్‌కట్ దుప్పికి ఎప్పుడూ మేలే అన్న నమ్మకాన్ని అలాస్కా బద్దలు కొట్టింది. అక్కడి టొంగాస్ అడవుల్లో ఉండేది సిట్కా బ్లాక్‌టెయిల్. చలికాలంలో మంచు లోతుగా పడితే క్లియర్‌కట్‌లోని మేతంతా దాని కింద పూడిపోతుంది. ముదురు అడవిలో పెద్ద మాన్ల కొమ్మలు మంచును పైనే ఆపుతాయి, నడుమ సందుల్లోంచి వెలుతురు దిగి నేల మీద మేతా మొలుస్తుంది. ఆ దుప్పి చలికాలం గట్టెక్కేది అక్కడే. ఆ మాన్లను కొట్టేస్తే పాతికేళ్ల పాటు వేసవి మేత దొరుకుతుంది, ఆ తర్వాత వందేళ్లకు పైగా చీకటి తోట మిగులుతుంది. వాల్మో, షోయెన్ అనే శాస్త్రవేత్తలు 1980లోనే ఈ సంగతి రాశారు.

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ వేటను మూసేశాయి. అలాగే ఉండాలి కూడా. నేల మీద పడే ఎండ సూత్రం మాత్రం ఇక్కడా అదే. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీ శాఖ గడ్డి బయళ్లను పెంచేది చుక్కల దుప్పులకు మేత కోసం, వాటి మీద బతికే పులుల కోసం.

వాషింగ్టన్, ఒరెగాన్‌లలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఒక మాట. అక్టోబరు, నవంబరు నెలల్లో అడవిదారి పట్టే ముందు ఆ వారం వేట సీజన్ ఉందో లేదో రాష్ట్ర వన్యప్రాణి శాఖ వెబ్‌సైటులో చూసుకోండి. కంపెనీ గేటు వేసి ఉంటే అనుమతి లేకుండా దాటవద్దు. వాషింగ్టన్‌లో రైఫిలు సీజన్‌లో దుప్పిని వేటాడేవాళ్లు 400 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబి రంగు బట్ట వేసుకోవడం తప్పనిసరి. నడకకు వెళ్లేవాళ్లకు ఆ నిబంధన లేదు. అయినా మీరూ, మీ పిల్లలూ, మీ కుక్కా ఆ రంగు వేసుకునే వెళ్లండి.