ఎందరు చెప్పారు? ఎందరు చూశారు?

ఒక మాట పదిమంది నోట వింటే దానికి పదిమంది సాక్షులున్నారని భ్రమపడతాము. తొందరలో ఉన్నప్పుడు ఈ భ్రమ మరింత బలపడుతుంది. విచారించే శ్రమ తప్పుతుంది కదా! నిఖా సంబంధాల విచారణకై మా వద్దకు వచ్చేవారు సైతం “అందరూ అంటున్నారు” అన్న మాటతోనే ఒక ఆడపిల్ల జీవితాన్ని తేల్చివేస్తుంటారు.

హదీసువేత్తలు సంఖ్యకు మోసపోలేదు. కర్మలు సంకల్పాలను బట్టి ఉంటాయన్న హదీసు సహీహ్ బుఖారీలో మొట్టమొదటిది. యహ్యా బిన్ సయీద్ అన్సారీ నుండి దానిని ఉల్లేఖించినవారు అసంఖ్యాకులు. అయితే ఆయనకు పూర్వం ప్రామాణిక పరంపరలో ఒక్కొక్కరే ఉన్నారు: ముహమ్మద్ బిన్ ఇబ్రాహీమ్ తైమీ, ఆయనకు ముందు అల్ఖమా బిన్ వఖ్ఖాస్, ఆయనకు ముందు హజ్రత్ ఉమర్ (రజి). అందుచేత ఇంత సుప్రసిద్ధమైన హదీసును కూడా వారు ముతవాతిర్ అనలేదు. ఆ ఒక్కొక్కరి సత్యసంధతను, జ్ఞాపకశక్తిని పరిశీలించిన మీదటనే సహీహ్ అన్నారు.

మన ఫోనుకు చేరే సందేశానికి తొలి ఉల్లేఖకుని పేరైనా ఉండదు.

వార్త తెచ్చినవాడు దుర్మార్గుడైతే, తెలియక ఎవరికైనా హాని చేయకముందే నిర్ధారించుకోవాలని హుజురాత్ సూరా 6వ ఆయతు ఆదేశం. హజ్రత్ ఆయిషా (రజి)పై అపనింద మదీనాలో సుమారు ఒక నెల వ్యాపించింది. చూసినవాడు ఒక్కడూ లేడు. హజ్రత్ జైనబ్ (రజి) ఆమెకు సవతి. సొంత సోదరి హమ్నా ఆ మాటను ప్రచారం చేస్తున్నది. అయినా దైవప్రవక్త (స) అడిగినప్పుడు, తన చెవులను, కళ్లను కాపాడుకుంటానని, ఆయిషాలో మంచి తప్ప మరేమీ ఎరుగనని జైనబ్ (రజి) బదులిచ్చారు.