పడవెక్కితేనే బ్యాంకాక్

బ్యాంకాక్ వెళ్లొచ్చినవాళ్లను ఏం చూశారని అడగండి. పటాయా బీచ్, సఫారీ, షాపింగ్ మాల్ అంటారు చాలామంది. వాళ్ల తప్పేం లేదు, ప్యాకేజీ టూర్ చూపించేది అంతే. వీపున సంచి తగిలించుకుని, చవక గదిలో దిగి, మొదటి మూడు నాలుగు రోజులు ఎక్కడికీ పరుగెత్తకుండా తిరిగినవాళ్లకే ఆ ఊరు తెలుస్తుంది.

సువర్ణభూమి విమానాశ్రయం నుంచి ట్యాక్సీ అక్కర్లేదు. రైలెక్కితే అరగంటలో ఫయాథాయ్, అక్కణ్నుంచి సిటీ బస్సులో ఖావోసాన్ రోడ్డు. 1892లో వేసిన ఈ చిన్న వీధి, 1980ల నుంచి ప్రపంచం నలుమూలల సంచి ప్రయాణికులకు మొదటి మజిలీ. అర్ధరాత్రి దాటినా పాటల హోరు తగ్గదు. కంటినిండా నిద్ర కావాలంటే పక్కనే గుడిని చుట్టుకుని ఉన్న రామ్‌బుత్రీ సందులో గది చూసుకోవడం మేలు. ఈ పేటలో దిగడంలో అసలు లాభం వేరే ఉంది. పది నిమిషాలు నడిస్తే చావ్‌ప్రయా నది.

1782లో మొదటి రాముడనే రాజు థోన్‌బురి నుంచి నది దాటి వచ్చి తూర్పు ఒడ్డున రాజధాని కట్టాడు. ఒకప్పుడు ఊరంతా కాలవలే. చాలావాటిని పూడ్చి రోడ్లు వేశారు. ఇప్పుడా రోడ్ల మీద కార్లు బారులు తీరి ఆగిపోతుంటే, మిగిలిన నీటి దారుల్లో పడవలు దూసుకుపోతుంటాయి.

ఫ్రా అథిత్ రేవులో నారింజ జెండా పడవ ఎక్కండి. టికెట్ ఇరవై బాత్‌లు కూడా ఉండదు. పొడవాటి రేకు డబ్బా గలగలలాడిస్తూ కండక్టరమ్మ వస్తుంది. చిల్లర, టికెట్లు అన్నీ అందులోనే. వెనక నిలబడ్డ కుర్రాడు ఈల వేసి డ్రైవరుకు సైగలందిస్తాడు. పడవ రేవును ఇలా తాకి అలా వదిలేలోపే ముసలమ్మలూ బడిపిల్లలూ దిగేవాళ్లు దిగుతారు, ఎక్కేవాళ్లు ఎక్కుతారు. కాషాయం కట్టిన భిక్షువులకు వేరేగా చోటుంటుంది.

నాకైతే నదికన్నా సేన్‌సేప్ కాలవంటేనే ఎక్కువ ఇష్టం. సైన్యాన్ని తరలించడానికి మూడో రాముడి హయాంలో, 1837లో తవ్వకం మొదలుపెట్టారు. నీళ్లు నల్లగా ఉంటాయి, వాసనా వస్తుంది. అంచున కూర్చున్నవాళ్లు తాడు లాగి ప్లాస్టిక్ పరదా పైకెత్తకపోతే ఆ నీళ్లు మొహానే పడతాయి. హెల్మెట్ పెట్టుకున్న కండక్టర్ పడవ బయటి అంచు మీద నడుస్తూనే డబ్బులు వసూలు చేస్తాడు. వంతెన కింద తల తగిలేలా ఉంటే పైకప్పునే కిందికి దించేస్తారు. ఆఫీసులకు పోయే జనం రోజూ ఎక్కే పడవ ఇది. నగరం ఎలా బతుకుతోందో ఇందులో కూర్చుంటే అర్థమవుతుంది.

గ్రాండ్ ప్యాలెస్ టికెట్ 500 బాత్‌లు. చవగ్గా తిరిగేవాళ్లకు భారమే, కానీ తెలుగువాళ్లు వదులుకోకూడదు. లోపలి మరకత బుద్ధుడి ఆలయం చుట్టూ ఉన్న మండపం గోడల మీద థాయ్ రామాయణం ‘రామకియన్’ మొత్తం 178 చిత్రాల్లో ఉంది. జనం బుద్ధుణ్ని చూసి, సెల్ఫీలు దిగి వెళ్లిపోతారు. మీరు మాత్రం గోడ వెంట నడవండి. ఒకచోట హనుమంతుడు కొండంత పెరిగి, రాముడి విడిదిని నోట్లో పెట్టుకుని కాపలా కాస్తుంటాడు. ఎవరి నుంచి అనుకున్నారు? మైరావణుడి నుంచి! వాల్మీకంలో లేని, మన తోలుబొమ్మలాటల్లో తరతరాలుగా ఆడుతున్న కథే. రాముణ్ని వెతుక్కుంటూ పాతాళానికి వెళ్లే దారిలో హనుమంతుణ్ని అడ్డగించే అతని చేపతోక కొడుకు కూడా ఉన్నాడు. మనవాళ్లు మత్స్యవల్లభుడంటే, వాళ్లు మచ్ఛాను అంటారు. సముద్రం అవతల ఈ కథ ఎదురవుతుంటే కలిగే సంతోషం నేను చెబితే తీరేది కాదు.

ప్యాలెస్ గేటు దగ్గర ఎవరైనా ‘ఇవాళ మూసేశారు, వేరే గుడి చూపిస్తా’ అంటే నమ్మకండి. టుక్‌టుక్ ఎక్కించి నగల దుకాణాలకు తీసుకెళ్లే పాత ఎత్తు అది. పక్కనే వాట్ ఫో గుడిలో 46 మీటర్ల శయన బుద్ధుడున్నాడు. ఆ వెనక వరసగా పెట్టిన 108 కంచు పాత్రల్లో నాణేలు పడుతున్న చప్పుడు హాలంతా వినిపిస్తుంది.

తిండి సంగతికొస్తే, పచ్చి బొప్పాయి ‘సోమ్ తమ్’ మన రోటి పచ్చడికి చుట్టం. ఎన్ని మిరపకాయలు వేయాలో అమ్మేవాళ్లే అడుగుతారు. శాకాహారులు మాత్రం జాగ్రత్త, కూరగాయల వేపుడులోనూ చేపల సాస్ పడుతుంది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ‘జే’ అని రాసున్న బండి దగ్గరైతే మాంసం, చేప ఉండవు. పాహురత్‌లోని గురుద్వారాలో లంగర్ భోజనమూ దొరుకుతుంది. దాని పక్కదే సంపెంగ్ బజారు. రాజప్రాసాదం కోసం చోటు ఖాళీ చేసి వచ్చిన చైనా వర్తకులు కట్టుకున్న పేట అది. సాయంత్రం అక్కణ్నుంచి యావరాత్ వీధి దాకా నడిచి వెళ్లండి, ఆ రుచులూ రద్దీ మరెక్కడా దొరకవు.

ఈసారి టికెట్లు తీసుకునేటప్పుడు పటాయాకు రెండు రోజులు తగ్గించి బ్యాంకాక్‌కు ఇవ్వండి. వెళ్లడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. గుళ్లలోకి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. ప్యాలెస్ పొద్దున ఎనిమిదిన్నరకే తెరుస్తారు. రద్దీ పెరగకముందే వెళ్తే ఆ గోడబొమ్మలు తీరిగ్గా చూడొచ్చు.