మారుతి 800 కార్బ్యురేటర్ ఇంజిన్: అపోహలు – వాస్తవాలు

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. హైదరాబాద్‌లో అయితే 2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 4 నిబంధనలు వచ్చినప్పుడే కొత్త బండి అమ్మకం ముగిసింది. అయినా అంతకు ముందు తరం బళ్లు, కార్బ్యురేటర్‌తో నడిచేవి, ఇప్పటికీ అక్కడక్కడా నమ్మకంగా తిరుగుతున్నాయి. బానెట్ కింద ఉన్నది 796 సీసీ, మూడు సిలిండర్ల ఎఫ్8బి ఇంజిన్. బోరు 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 72. సిలిండర్‌కు రెండేసి వాల్వులు. శక్తి 40 హార్స్‌పవర్ లోపే, కానీ లాగాల్సిన బండి బరువు కూడా 650 కిలోల దరిదాపుల్లోనే.

నేటి కార్లలో ఆక్సిజన్ సెన్సర్ పొగగొట్టంలోని వాయువును చూసి చెబితే కంప్యూటర్ పెట్రోలును తగ్గిస్తుంది, పెంచుతుంది. ఇక్కడ ఆ ఏర్పాటు లేదు. గాలికీ పెట్రోలుకూ పాళ్లు కుదిర్చేవి కార్బ్యురేటర్‌లోని సన్నని జెట్లే. మన చేతి తప్పును సర్దేవాళ్లు లేరు. అందుకే ఈ ఇంజిన్లను వయసు కంటే మనం మేలనుకుని చేసిన వైద్యాలే ఎక్కువగా దెబ్బతీశాయని నా అభిప్రాయం.

“మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు? తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుంది.” ఆ వైద్యాల్లో మొదటిది ఇదే. రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండ 45 డిగ్రీలు దాటవచ్చు. కానీ ఇంజిన్ సరిగ్గా పనిచేయాలంటే లోపలి నీటికి 80 డిగ్రీలకు పైనే వేడి ఉండాలి. అంతవరకూ రేడియేటర్ దారి మూసి ఉంచి, వేడెక్కాక తెరవడమే థర్మోస్టాట్ పని. పూర్తిగా తెరుచుకున్నాక అది దేనికీ అడ్డు కాదు. దాన్ని పీకేస్తే ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. చల్లటి గోడల మీద పెట్రోలు ఆవిరి కాక ద్రవంగానే అంటుకుంటుంది, సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, జారి కిందనున్న ఆయిల్‌లో కలుస్తుంది. రింగులు అరుగుతాయి, మైలేజీ పడిపోతుంది. పొద్దున చోక్ లాగి, అలాగే వదిలేసి వీధులన్నీ తిరిగినా జరిగేది ఇదే. ఇంజిన్ అందుకోగానే చోక్‌ను కొద్దికొద్దిగా లోపలికి నెట్టి, నెమ్మదిగా బండి కదిలించడమే మేలు.

నిజంగానే బండి ఓవర్‌హీట్ అవుతుంటే వెతకాల్సిన చోట్లు వేరు: ఫ్యాను తిరుగుతోందా, దాని స్విచ్చి పనిచేస్తోందా, రేడియేటర్ మూత రబ్బరు బాగుందా, నీళ్లు ఎక్కడైనా కారుతున్నాయా, రేడియేటర్ గొట్టాలు పూడుకుపోయాయా. ఆ పూడికకు తరచూ కారణం మనం పోసే బోరు నీళ్లు. ఉప్పునీళ్లు లోపల పొలుసు కట్టడమే కాదు, అల్యూమినియం సిలిండర్ హెడ్‌ను తినేస్తాయి కూడా. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయాలి. మంచు కురవని ఊళ్లో కూలెంట్ దండగ అనేవాళ్లున్నారు. గడ్డకట్టకుండా చూడటం దాని పనుల్లో ఒకటి మాత్రమే. మనకు కావలసింది తుప్పు పట్టకుండా ఆపే గుణం.

“మైలేజీ తగ్గింది, కార్బ్యురేటర్ విప్పి స్క్రూ తిప్పు.” ఆ మిక్స్చర్ స్క్రూ అధికారం బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు, మహా అయితే థ్రాటిల్ కొద్దిగా తెరిచినప్పుడు. హైవే మీద పెట్రోలు వచ్చేది మెయిన్ జెట్ నుంచి. స్క్రూ ఎంత తిప్పినా దానికి పట్టదు. అంతకంటే ప్రమాదం జెట్‌ను తీగతో గీకి శుభ్రం చేయడం. ఒక మిల్లీమీటరు రంధ్రం 1.05 మిల్లీమీటర్లు అయిందనుకుందాం. కంటికి తేడా తెలియదు. కానీ రంధ్రం వైశాల్యం పది శాతం పెరిగింది, పెట్రోలూ దాదాపు అంతే ఎక్కువ పోతుంది. ఇత్తడి మెత్తని లోహం, ఒక్కసారి గీసినా చాలు. కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టి, గాలి ఊది వదిలేయాలి. అసలు మైలేజీ తగ్గిన బండిలో కార్బ్యురేటర్ మీద చెయ్యి వేయడానికి ముందు ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, ఇగ్నిషన్ టైమింగ్, టైర్లలో గాలి చూడాలి. జాకీ ఎత్తి చక్రం చేత్తో తిప్పి, బ్రేకు పట్టేస్తోందేమో కూడా చూడాలి.

“టాపెట్ల శబ్దం అస్సలు రాకూడదు, బిగించెయ్.” నాకు ఎక్కువ బాధ కలిగించే సలహా ఇది. వాల్వుకూ రాకర్‌కూ మధ్య సందు ఉండేది ఊరికే కాదు. వేడికి వాల్వు పొడవు పెరుగుతుంది. సందు లేకపోతే అది సీటు మీద పూర్తిగా కూర్చోదు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని ప్రధానంగా ఆ సీటుకే వదిలించుకుంటుంది. ఆ దారి మూసుకుపోతే అంచు కాలిపోతుంది, ఆ సిలిండర్‌లో కంప్రెషన్ పోతుంది, ఇంజిన్ రెండు సిలిండర్ల మీద కుంటుతుంది. ఇంజిన్ బాగా చల్లారాక, మాన్యువల్‌లో ఉన్న కొలతకు ఫీలర్ గేజ్‌తో సందు పెట్టాలి. సన్నని టిక్ టిక్ ఆరోగ్యమే. ఏ చప్పుడూ లేకుండా పోయిన పాత ఇంజిన్‌ను చూసే అనుమానపడాలి.

ఆయిల్ నల్లబడితే పాడైనట్టు కాదు. మసిని తనలో పట్టి ఉంచుతోందని అర్థం. కిలోమీటర్లు నిండాక గానీ, బండి తక్కువ తిరిగితే ఏడాదికోసారి గానీ మారిస్తే సరి.

ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేస్తే పెట్రోలు మిగులుతుందన్న మాటలో కొంత నిజముంది, అది దాచకూడదు. ఇంజెక్షన్ కార్లలో గేరులో దిగితే పెట్రోలు పూర్తిగా ఆగుతుంది. కార్బ్యురేటర్‌లో మాత్రం ఇంజిన్ వేగంగా తిరుగుతున్నంతసేపూ ఐడిల్ జెట్ నుంచి కొంత పోతూనే ఉంటుంది. కానీ తిరుమల ఘాట్‌లో మిగిలే ఆ గుక్కెడు పెట్రోలు కోసం ఇంజిన్ బ్రేకింగ్‌ను వదులుకుంటున్నాం. వరుస మలుపుల్లో భారమంతా బ్రేకుల మీద పడి అవి కాలిపోయి పట్టు తప్పుతాయి. ఇంజిన్ ఆపేసి దిగితే బ్రేక్ బూస్టర్ సాయం కూడా రెండు మూడు తొక్కులతో అయిపోతుంది. ఎక్కిన గేరులోనే దిగండి.

ఇక ఇప్పటి భయం: ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పోస్తే పాత ఇంజిన్ అప్పటికప్పుడు సీజ్ అవుతుందని. అలా కాదు. అలాగని ఏమీ కాదనడమూ తప్పే. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలులో మూడింట రెండు వంతులే. అంటే ఇరవై శాతం మిశ్రమంలో శక్తి ఆరేడు శాతం తక్కువ. సెన్సర్ ఉన్న కారు పెట్రోలు పెంచి సర్దుకుంటుంది, ఇది సర్దుకోలేదు. మిశ్రమం పలచబడి బండి ఎత్తుకోవడంలో తడబడుతుంది. ఇలాంటప్పుడు అనుభవమున్న మెకానిక్ చేత ఒక సైజు పెద్ద మెయిన్ జెట్ వేయించుకోవడం సబబు. పాతదాన్ని గీకడం మాత్రం కాదు. అసలు ముప్పు రబ్బరుకు. పాతకాలపు పెట్రోలు పైపులు, యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ ఇథనాల్‌కు ఉబ్బి, బీటలు వారతాయి. వాటిని ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్పించాలి. బండి నెలల తరబడి నిలిపేస్తే ఫ్లోట్ చాంబర్ ఖాళీ చేయించాలి, ఇథనాల్ తేమను పీల్చుకుని లోపల తుప్పు పట్టిస్తుంది. బానెట్ ఎత్తగానే పచ్చి పెట్రోలు వాసన తగిలితే, పైపు ఎక్కడ చెమ్మగిల్లిందో దొరికేదాకా తాళం తిప్పకండి.