మాట ఆలస్యమైతే ముందు చెవి చూపించండి

ఒకటో తరగతిలో చేరిన ఒక పాప ఎప్పుడూ మా పెదవుల వంకే చూసేది. మొద్దు అనుకున్నాం. అది మా తప్పే. వినికిడి తక్కువని తెలిసేసరికి ఆరేళ్లు నిండాయి. "ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, అందుకే మాట రాలేదనుకున్నాం సార్" అంది వాళ్ల అమ్మీ. రెండు భాషలు వినడం వల్ల మాట వెనకబడదు.

వినపడని బిడ్డ కూడా మొదటి నెలల్లో ఊ కొడుతుంది. పెద్దలు మోసపోయేది అక్కడే. 6 నెలలకు చప్పుడు వైపు తల తిప్పాలి. ఏడాదికి ఒకటి రెండు మాటలు, రెండేళ్లకు "పాలు కావాలి" లాంటి జంట మాటలు రావాలి. నడక సంగతి ఇల్లంతా గమనిస్తుంది (18 నెలలు దాటినా నడవకపోతే డాక్టరుకు చూపాలి). చెవి సంగతే ఎవరికీ పట్టదు. మిషను ఎంత త్వరగా పెడితే మాట అంత బాగా వస్తుంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలకు పరీక్షలు ఉచితమే. కానీ కూలి మానుకుని జిల్లా ఆసుపత్రికి నాలుగైదుసార్లు తిరగాలంటే బస్సు ఛార్జీలే భారం. దాతలు స్కాలర్‌షిప్పులతో పాటు ఈ దారి ఖర్చునూ తలచుకోవాలని మా మనవి.

ఆ పాప ఇప్పుడు చెవికి మిషనుతో ముందు బెంచీలో కూర్చుంటోంది. "స", "ష" తేడా ఇంకా పట్టుబడలేదు.